ఉపపాత్రల పెండ్లిండ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునుండి నాటకమునో నవలనో ఇంటికి గొనిపోయి చదివినవారు దానిని తిరిగి యిచ్చునపుడు అడుగు ప్రశ్న యొకటి తఱచుగా వినవచ్చుచుండును. నాయికానాయకుల సంగతి వారికి తెలిసినదే; వారి కల్యాణము తుదిపుటలో జరిగియే యుండును. వారడుగునది నాయిక చెలికత్తెను గూర్చి, నాయకుని మిత్రుని గూర్చి, రెండు రంగములలో కనబడి మాయమైన దాసిని గూర్చి. "పాపము, ఆ పిల్ల యేమైనది? ఆమెకు పెండ్లి యైనదా?" అని యడుగుదురు. కొందఱు అడిగి యూరకుండరు. "ఆ పిల్లను ఆ మిత్రునకే యిచ్చియుండిన ఎంత ముచ్చటగా నుండెడిది!" అని తామే సంబంధము కుదుర్చుదురు. ముహూర్తము పెట్టుట యొక్కటే తరువాయి.

ఈ కుతూహలమును చూచి కొందఱు పెద్దలు నవ్వుదురు. పాత్రలు నెత్తురు మాంసములు గల మనుష్యులు కారు. కవి కలము ఆగినచోటనే వారి యాయువును ఆగినది. అటుపై వారికి పెండ్లిండ్లు చేయుట గాలిలో పందిరి వేయుటయే యని వారి తలంపు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని అడుగువారు పుస్తకము చదువక అడుగుచున్నవారు కారు. కథలో అంచున నిలిచిన పాత్రను గూడ గుర్తుంచుకొనునంత శ్రద్ధగా చదివిన పిదపనే అడుగుచున్నారు. కావున ఈ యూహ ఎక్కడినుండి పుట్టుచున్నది, ఎంతవఱకు మంచిది, ఎచ్చట దారి తప్పును అను మూడు విషయములు ఆలోచింపదగియున్నవి.

మొదట పుట్టుక. సుఖాంతములైన పూర్వనాటకములకు పెండ్లియే మంగళహారతి. విందుకు పిలిచిన గృహస్థు నలుగురికి వడ్డించి ఐదవవానిని ఖాళీ విస్తరి ముందు కూర్చుండబెట్టి పోయినచో, చూచువారికి మనస్సు చివుక్కుమనును. ఉపపాత్రలనుగూర్చిన ఊహలన్నియు ఆ ఖాళీ విస్తరినుండి పుట్టినవే. షేక్స్పియరు మహాకవి వ్రాసిన ‘యాజ్ యూ లైక్ ఇట్’ అను నాటకపు తుదిని నాలుగు జంటలకు ఒక్కచోట పెండ్లి కుదురును. అందు రాజబంధువులు గలరు, గొఱ్ఱెలకాపరులు గలరు, విదూషకుడును ఒక పల్లెపడుచును గలరు. ఎవ్వరి విస్తరియు ఖాళీగా లేదు. పెండ్లి యొల్లని జేక్విస్ తనంత తానే విరాగుల కడకు వెడలిపోవును. కాని ఆ కవియే వ్రాసిన ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకమున వడ్డన అంత సమముగా లేదు. మేరియా అను పరిచారికకును సర్ టోబీకిని పెండ్లి యైనదను సంగతి వేఱొక పాత్ర నోట ఒక్క వాక్యములో తెలియును. సముద్రమున మునిగిపోవుచున్న సెబాస్టియనును కాపాడి, వానికొఱకై శత్రువుల పట్టణమునకు వచ్చి పట్టువడిన ఆంటోనియోకు తుదిని జంట యెవరును దక్కలేదు. జంటలు చేతులు కలుపుకొనుచుండగా అతడు ఒక ప్రక్క నిలిచియే యుండును. ఈ ఆంటోనియోను తలచుకొని బాధపడని పాఠకుడు ఆ నాటకమును సగమే చదివినాడనవలయును.

కొన్నిచోట్ల కవి వడ్డించియు తృప్తిపఱచలేదు. ‘వింటర్స్ టేల్’ నాటకములో పౌలీనా అను ధీరవనిత పదునాఱేండ్లు తన రాణి ప్రాణరహస్యమును కాపాడినది, భర్తను పోగొట్టుకొన్నది. అందఱి సుఖమును చూచి, తాను మాత్రము ఏకాంతమున దుఃఖించుచు శేషకాలము గడపెదనని ఆమె చెప్పగానే, రాజు ఆమెను కమిల్లోకు ఇచ్చి నాలుగు మాటలలో సంబంధము ముగించును. పౌలీనా యేమని బదులు చెప్పినది? ఏమియు చెప్పలేదు. ‘మెజర్ ఫర్ మెజర్’ నాటకమున సన్యాసము పుచ్చుకొనబోవుచున్న ఇసబెల్లాను డ్యూకు పెండ్లాడుమని యడుగును. ఆమెయు బదులు చెప్పదు. నాటకము ముగిసిపోవును. ఆ మౌనమును అంగీకారముగా నటించి చూపిన నటీమణులు గలరు. మొగము త్రిప్పుకొని నిరాకరణముగా చూపినవారును గలరు. కవి వదలిన ఖాళీని పూరించుట పాఠకుని చాపల్యమే యైనచో, రంగస్థలము మీద ప్రతి రాత్రియు ఆ చాపల్యము తప్పనిసరి యగుచున్నది.

ఇట్టి యూహలు అల్పజ్ఞుల లక్షణమనువారు మేరీ కౌడెన్ క్లార్క్ అను విదుషీమణిని తలచుకొనవలయును. షేక్స్పియరు నాటకములయందలి పదములెల్ల ఏ నాటకమున, ఏ యంకమున, ఏ రంగమున వచ్చినవో చూపు మహాకోశమును ఆమె పదేండ్లకు మించి శ్రమించి కూర్చినది. అది 1845 నాటికి ప్రకటితమైనది. అట్లు ఒక్కొక్క పదమును లెక్కపెట్టిన చేతితోనే ఆమె 1850 మొదలు 1852 వఱకు ఆ నాటకముల నాయికలు బాల్యమున ఎట్లుండిరో ఊహించి కథలుగా వ్రాసినది. నాటకమునకు ముందు జరిగిన దానిని ఊహించుటయు, తరువాత జరుగబోవు దానిని ఊహించుటయు ఒకే తల్లి బిడ్డలు. లెక్కకును ఊహకును వైరము లేదని ఆమె చూపినది. ముందు లెక్క, తరువాత ఊహ. ఈ క్రమము మాత్రము తప్పరాదు.

ఇక సంస్కృత నాటకములు. శూద్రకుని మృచ్ఛకటికము ప్రకరణమను జాతికి చెందినది. నవ్వును, దారిద్ర్యమును, ప్రేమయు కలగలసిన కథ. అందు ఉపపాత్రల వివాహమును కవియే స్వయముగా జరిపించినాడు. శర్విలకుడను బ్రాహ్మణుడు వసంతసేన దాసియగు మదనికను ప్రేమించును. ఆమెను దాస్యమునుండి విడిపించుటకు ధనము లేక చారుదత్తుని యింట కన్నము వేసి నగలమూటను దొంగిలించును. ఆ నగలు వసంతసేనవే! వానిని తెచ్చి మదనికకు చూపగా ఆమె గుర్తించి భయపడును. చాటుననుండి అంతయు విన్న వసంతసేన కోపపడక, మదనికను విడిచిపుచ్చి, బండి యెక్కించి శర్విలకుని వెంట పంపివేయును. ఇది దాసీకల్యాణము మాత్రమే కాదు. ఆ దొంగతనము లేనిచో చారుదత్తుని భార్య తన రత్నావళిని పంపుట లేదు. వసంతసేన ఆ గాలివానలో చారుదత్తుని యింటికి వచ్చుట లేదు. చిన్నజంట ప్రేమ పెద్దజంట కథను నడిపించినది. ఉపపాత్రలకు సంబంధము చూడవలెనని కోరువారు శూద్రకుని పద్ధతిని గమనింపవలయును. వారి పెండ్లి కథకు అతికించిన తోక కారాదు.

ఆ నాటకమునందే పాఠకుడు తొందరపడగూడని తావులును గలవు. చారుదత్తుని మిత్రుడు మైత్రేయుడు ఒంటరివాడుగా కనబడును గదా, వసంతసేన యింటి పరిచారికలలో ఒకతెను ఇచ్చిన సరిపోవునని యెవరైన అనవచ్చును. కాని మైత్రేయునకు వేశ్యావాటిక యన్నచో మొదటినుండియు గిట్టదు. ఆ యింటి ఎనిమిది ప్రాకారముల వైభవమును కన్నులార చూచివచ్చియు మిత్రుని ఆ దారినుండి మఱలింపజూచినవాడతడు. అట్టివానికి అచ్చటనే సంబంధము చూచినచో మైత్రేయుడు మైత్రేయుడు కాకపోవును. మఱియు జూదరియైన సంవాహకుడు బౌద్ధభిక్షువై, కొనయూపిరితోనున్న వసంతసేనను కాపాడును. వాని కథకు ఫలము పెండ్లి కాదు, విరక్తి. తుదిని కోరిక అడిగినపుడు అతడు భిక్షుత్వముననే నిలుచును. వానికి పీటలు వేయుట వాని గెలుపును దోచుకొనుటయే యగును.

శాకుంతలములోని అనసూయా ప్రియంవదల మాట వేఱు. శకుంతలను అత్తవారింటికి పంపునప్పుడు చెలికత్తెలును తోడుగా వత్తురా యని ఆమె యడుగగా, వీరును ఈయవలసిన కన్యలే గనుక అచ్చటికి వచ్చుట తగదని కణ్వమహర్షి చెప్పును. వారి పెండ్లిమాట కవి నోటినుండి వచ్చినది ఆ యొక్కసారియే. పిదప వారు కనబడరు. దుర్వాసుని శాపమును శకుంతలకు తెలియనీయక తమ గుండెలలోనే దాచుకొన్నవారు వారిద్దఱు. శకుంతల సభలో తిరస్కృత యైనదను వార్త ఆశ్రమమునకు చేరినప్పుడు వారేమనుకొనిరి? ఆ రహస్యమును దాచితిమి గదా యని ఎంత కుమిలిరి? పెండ్లియై వేఱువేఱు ఆశ్రమములకు పోయినపుడు ఎవరికి చెప్పుకొనిరి? కాళిదాసు చెప్పలేదు.

రవీంద్రనాథ ఠాకూరు 1900 సంవత్సర ప్రాంతమున వంగభాషలో వ్రాసిన యొక వ్యాసమున కావ్యములయందు ఉపేక్షకు గుఱియైన స్త్రీలను గూర్చి విచారించెను. ఊర్మిళ, అనసూయ, ప్రియంవద, కాదంబరిలోని పత్రలేఖ అందు ముఖ్యులు. పత్రలేఖ కులూతరాజు కూతురు. చెఱపట్టబడి వచ్చి చంద్రాపీడునకు తాంబూలము నందించు పరిచారిక యైనది. నిరంతరము యువరాజు ప్రక్కనే యుండును. భార్య కాదు, ప్రేయసియు కాదు. ఆమెకును హృదయ మొకటి యుండునని బాణుడు తలపలేదని ఠాకూరు మహాశయుని వేదన. అయితే కాదంబరిని ముగింపకయే బాణభట్టు కాలధర్మము నొందగా, కుమారుడు దానిని పూర్తిచేసెను. ఆ ఉత్తరభాగమున చంద్రాపీడుడు చంద్రుడనియు, పత్రలేఖ చంద్రుని భార్యయగు రోహిణి యనియు తేలును. తండ్రి ఖాళీగా వదలిన విస్తరిలో కొడుకు వడ్డించినట్లున్నది. ఉపపాత్రకు జంట కూర్చుట పాఠకులకు మాత్రమే కలిగిన వెఱ్ఱి కాదని దీనివలన తెలియుచున్నది.

ఊర్మిళ విషయమున ఠాకూరు వేదనను తెలుగు స్త్రీలు ఎన్నడో తీర్చుకొనిరి. వాల్మీకి మహర్షి ఊర్మిళకు పెండ్లి చేసెనే గాని కాపురము చూపలేదు. దంపుళ్లవేళలను, ఊయలల కడను పాటలు పాడుకొను తెలుగు ఇల్లాండ్రు దానిని సహింపలేదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ యను పాటలో లక్ష్మణుడు అడవిలో నుండిన పదునాలుగేండ్లును ఆమె నిద్రించును. అతడు తిరిగివచ్చి ఆమెను మేల్కొలుపును. ఎవరో పరపురుషుడు వచ్చెనని ఆమె మొదట భయపడుటయు, పిమ్మట గుర్తించుటయు, అలుకయు, ఊరడింపును, అన్నియు అందున్నవి. ‘లక్ష్మణదేవర నవ్వు’ అను వేఱొక పాటలో నిద్రాదేవి నిండుసభలో ప్రత్యక్షము కాగా లక్ష్మణుడు పక్కున నవ్వును. సభలోని ప్రతివారును తమ తమ గుట్టు తలచుకొని తమ్మునే చూచి నవ్వెనని ఉలికిపడుదురు. అచ్చు పుస్తకము ఎఱుగని స్త్రీలు ఇంత సూక్ష్మముగా కథను చదివినారు. చెవులతో చదివినారు. ఈ గ్రంథాలయమున నున్న పుస్తకములకంటె ముందే ఈ యూరి యరుగుల మీద ఇట్టి పఠనము సాగియుండుననుటకు సందేహము లేదు.

ఈ విధమైన కల్పనలన్నిటిలో తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది శశిరేఖా పరిణయము. బలరాముని కూతురు శశిరేఖ యనియు, ఆమెను అభిమన్యుడు వరించెననియు, దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారునకు ఈయబోగా ఘటోత్కచుడు మాయ పన్ని మేనబావకే దక్కించెననియు కథ. వ్యాసభారతమున ఈ కథ లేదు. కవిత్రయ భారతమునను లేదు. అచ్చట అభిమన్యుని భార్య ఉత్తర. అయినను జానపదుల నోటను, నాటకములందును ఈ కథ పెంపొంది, 1936 లో చలనచిత్రమై, మఱల 1957 లో కె. వి. రెడ్డి దర్శకత్వమున ‘మాయాబజార్’ అను పేర వచ్చి ఇంటింటి కథ యైనది. భారతము చదివినవారికి ఈ నవ్వుల వెనుక నీడ యొకటి తోచక మానదు. ద్రోణపర్వమున పద్మవ్యూహములో లక్ష్మణకుమారుడు అభిమన్యుని చేతనే కూలును. ఆ దినముననే అభిమన్యుడును నేలకొఱగును. పెండ్లిపీటలమీద మాయావేషములకు బెదరిన ఆ వెఱ్ఱిపెండ్లికొడుకును, వానిని చూచి నవ్విన ఆ చక్కని పెండ్లికొడుకును ఒకే ప్రొద్దున పోయినవారే. చావవలసిన ఇద్దఱు కుఱ్ఱవాండ్రకు కొంతకాలము నవ్వును, పెండ్లిసందడిని ప్రసాదింపవలెనని తెలుగువారి మనస్సు కోరినది. ఇది భారతమును చెఱుపుట కాదు. భారతపు దుఃఖమును బాగుగ నెఱిగినవారు చేసిన యుపచారము.

ఇంతవఱకు ఊహకు అనుకూలముగా చెప్పుట జరిగినది. అది దారి తప్పు చోటును చూపుటకు ఆంగ్లేయ నవల యొకటి తగినది. జేన్ ఆస్టెన్ రచించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813 లో అచ్చయినది. అది గ్రామసీమలోని మధ్యతరగతి భూస్వాముల కథ. బెన్నెట్టు దొరకు ఏడాదికి రెండువేల పౌనుల రాబడి గల ఆస్తి గలదు. కొడుకులు లేరు, కూతుండ్రు ఐదుగురు. పూర్వపు కట్టడినిబట్టి ఆ యాస్తి మగసంతతికే చెందవలెను గనుక దొర పోయిన మఱునాడు అది కాలిన్సు అను దూరపు దాయాదికి పోవును. తల్లికిని బిడ్డలకును కలిపి పెండ్లినాటి యొడంబడిక క్రింద నున్నది ఐదువేల పౌనులు. పంచినచో తలకు వేయి. నూటికి నాలుగు వడ్డీ చొప్పున ఏడాదికి నలుబది పౌనులు. అదియు తల్లి తరువాతనే. ఈ లెక్కను కాలిన్సు తానే, ఎలిజబెత్తును పెండ్లాడుమని యడుగుచు, ఆమె మొగము మీదనే చెప్పును!

ఎలిజబెత్తు నిరాకరింపగా, మూడు దినములలోపల కాలిన్సు పొరుగింటి షార్లటును అడుగును. ఆమె ఒప్పుకొనును. ఇచ్చట ఎందఱో పాఠకులు అడ్డుపడి, మూడవ చెల్లెలు మేరీని కాలిన్సునకు ఈయవలసినదని వాదింతురు. ఇద్దఱును పుస్తకపు పురుగులు. ఇద్దఱకును నీతులు చెప్పుట యిష్టము. మేరీ ఇతరులకంటె అతని తెలివిని ఎక్కువగా ఎన్నెననియు, అడిగినచో ఒప్పించవచ్చుననియు నవలయందే సూచన గలదు. పైగా ఇల్లు తల్లికిని అక్కచెల్లెండ్రకును నిలుచును. సంబంధము అన్నివిధముల చక్కనిదే. కాని షార్లటు మాట? ఆమెకు ఇరువదియేడేండ్లు. రూపవతి కాదు, కట్నము లేదు. తమ యక్క పెండ్లి కాకయే ముసలిదగునేమో యన్న భయము తీఱినదని తమ్ములు సంతోషించిరి. ప్రేమ లేదని ఎఱిగియే, తలదాచుకొన ఒక చక్కని యిల్లు దొరకినదని ఆమె కాలిన్సును వరించినది. ఆ యింటిని ఆమెనుండి తీసి మేరీకి ఇచ్చినచో మేరీ పద్దులో జమ పడును, షార్లటు పద్దులో ఖర్చు పడును. పూర్వపు కథలలో వరులు లెక్కకు కొందఱే. ఒక విస్తరి నింపుటకు వేఱొక విస్తరి లాగవలసివచ్చును. ఊహ చేయువారు ఈ రెండవ విస్తరిని మఱచుచుందురు.

ఈ నవలను గూర్చి ఇంకొక ముచ్చట. ఆస్టెన్ 1817 లో మరణించినది. ఆమె మేనల్లుడు 1869 చివర ప్రకటించిన జీవితచరిత్రమున, ఆమె తన పాత్రల పిదపటి జీవితమును ఇంటివారితో ముచ్చటించుచుండెడిదని వ్రాసెను. నాలుగవ చెల్లెలు కిట్టీకి పెంబర్లీ సమీపమున ఒక మతగురువుతో పెండ్లియైనదట. మేరీ మాత్రము ప్లీడరగు పినతండ్రి కచేరిలో గుమాస్తాకంటె పై సంబంధము పొందలేక, ఆ చిన్నయూరిలో తానే తార ననుకొని తృప్తిపడినదట. రచయిత్రికే ఈ కుతూహలమున్నప్పుడు పాఠకుని తప్పు పట్టువా రెవరు? అయినను ఇది గ్రంథమున లేని నోటిమాట. దస్తావేజున నున్నదానికిని నోటిమాటకును గల భేదమును పల్లెవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నోటిమాట విశ్వసింపదగినదే, దస్తావేజును మార్చుటకు మాత్రము చాలదు.

కడపట కన్యాశుల్కము. గురజాడ అప్పారావుగారి ఈ ప్రహసనము 1892 లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897 లో అచ్చయి, 1909 లో పెంపొందిన రూపమున మఱల వెలువడినది. పెండ్లిండ్లను గూర్చిన ఈ నాటకమున నిజమైన పెండ్లి యొక్కటియు నిలువదు. లుబ్ధావధాన్లకు జరిగిన పెండ్లి ఆడువేషము వేసిన శిష్యునితో! ఆ వేషమునకు ప్రతిఫలముగా కరటకశాస్త్రి తన కూతునే యిత్తునని శిష్యునకు ఆశ చూపును. ఆ పిల్ల రంగస్థలము మీదికి రానే రాదు. సుబ్బికి వరుడెవరో తెలియదు. లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి బ్రదుకు ఎట్లు తెల్లవాఱునో తెలియదు. ఇక మధురవాణికిని సౌజన్యారావు పంతులునకును జంట కూర్చవలెనని ఉబలాటపడని ప్రేక్షకుడు అరుదు. కాని ఆమె తాను గెలిచిన పందెపు మూల్యమును తానే వదలుకొన్నది. చెడనివారిని చెఱుపరాదను తల్లి నీతిని తలచుకొని తొలగిపోయినది. ఆమె గొప్పతనమంతయు ఆ తొలగిపోవుటలో నున్నది. అచ్చట పెండ్లి పందిరి వేయువారు తెలియక ఆ గొప్పతనము మీదనే గుంజలు పాతుచున్నారు.

బుచ్చమ్మ సంగతి మాత్రము అట్లు కాదు. ఆమె బాలవితంతువు. గిరీశము మాటలు నమ్మి ఇల్లు వెడలినది. సౌజన్యారావు పంతులు ఆ వంచకుని బారినుండి ఆమెను తప్పించి పూనాలోని వితంతు శరణాలయమునకు పంప నిశ్చయించును. చదువుకొన్న పిదప తన మేలు తానే యెఱుగునని దాని భావము. వితంతు వివాహమునకు చట్టము 1856 లోనే వచ్చినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. అట్టి కాలమున, సంస్కరణాభిమానియగు కవి తన నాటకములోని వితంతువునకు పెండ్లి చేయక చదువు చెప్పించినాడు. చేతికందిన వరుడు గిరీశమైనపుడు అక్షరములే మేలని నిర్ణయించినాడు. ఇది ఖాళీ విస్తరి కాదు, పథ్యపు వడ్డన.

అయినను, పూనానుండి తిరిగివచ్చిన బుచ్చమ్మకు ఒక యోగ్యుడు దొరకినాడని పాఠకుడు ఊహించినచో తప్పేమి? తప్పు లేకపోవుటయే కాదు, అందొక పుణ్యమున్నది. బాలవితంతువు మఱల పెండ్లాడునను తలంపే పాపమని పల్లెపల్లెయు నమ్మిన దినములు గలవు. చట్టము పుస్తకములో నున్నది. ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. అట్టి యింట ఒక ముసలమ్మ మనుమరాలిచేత ఈ నాటకమును చదివించుకొని విని, "ఆ పిల్లకు మంచివా డెవడైన దొరకిన బాగుండును" అని యన్నచో, 1856 నాటి చట్టము ఆ యింటికి ఆ నాడు చేరినదన్నమాట. నాటకములోని బుచ్చమ్మకు కోరిన మేలును, పొరుగింటి బుచ్చమ్మకు కోరకుండుట ఇక కష్టము. కల్పితపాత్రల మీది జాలి కల్పితము కాదు. అది మొదట పుస్తకము మీద అలవాటై, తరువాత వీథిలో పనికివచ్చును.

కావున ఉపపాత్రలకు సంబంధములు చూచువారు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఆ సంబంధము పాత్రస్వభావమునకు సరిపడునా? మైత్రేయుని విషయమున ఇది తేలినది. ఆ సంబంధమువలన వేఱొకరి విస్తరి ఖాళీ యగునా? షార్లటు విషయమున ఇది తేలినది. కవి వదలినది మఱపుచేతనా, ఎఱుకతోనా? మధురవాణి విషయమున ఇది తేలినది. ఈ మూడింటికి నిలిచిన ఊహ సాహిత్యమునకు శత్రువు కాదు, దాని యల్లుడే. నిలువనిది వట్టి కాలక్షేపము. అదియు నేరము కాదు.

గ్రంథాలయ పాఠకులకు ఒక విన్నపము మిగిలియున్నది. కొన్ని పుస్తకముల అంచులయందు పెన్సిలుతో ఈ పెండ్లిచూపుల వ్రాతలు కనబడుట ఏ గ్రంథాలయమునకును క్రొత్త కాదు. ఊహించుడు, కాని పుస్తకము మీద వ్రాయకుడు. తరువాతి పాఠకుడు ఆ పాత్రను తన కన్నులతో తాను చూడవలయును గదా. వేఱు కాగితము తీసికొని వ్రాయుడు, తోటి చందాదారులకు చదివి వినిపింపుడు, వారు వాదించిన వినుడు. ఇరువదియైదేండ్లు ఈ బీరువాలను కాపాడినవారి శ్రమకు అంతకంటె తగిన వందనము లేదు. ఒక పుస్తకము ఎన్ని చేతులు మాఱినదో రిజిస్టరు చెప్పును. అందలి చిన్నపాత్ర ఎన్ని యిండ్లలో మఱునాడు గూడ తలచుకొనబడినదో చెప్పుటకు రిజిస్టరు లేదు. ఆ లెక్క పాఠకులే ఉంచవలయును.

స్వస్తి.